ఆపింది 11:40కి, ఊదించింది 12:25కి: మధ్యలో ఎక్కిన మందు ఎవరి లెక్క?

మదనపల్లె టు బెళ్లందూరు | ఆదివారం ఉదయం 9:12

అందరికీ నమస్కారం. నిన్న రాత్రి మా తమ్ముడు డ్రంక్ అండ్ డ్రైవ్‌లో దొరికాడు. తాగి బండి తీయడం తప్పే. దాని గురించి ఇంట్లో అనాల్సినవన్నీ అనేశాం. నేను అడగాలనుకుంటున్నది వేరే సంగతి.

జరిగింది జరిగినట్టు రాస్తాను. కోరమంగళలో ఆఫీసు పార్టీ. తొమ్మిదిన్నరకు 30 ఎమ్మెల్ విస్కీ, పదింపావుకు ఇంకో 30. తర్వాత బిర్యానీ తిన్నాడు, గంటసేపు గ్లాసు ముట్టలేదు. 11:15కి అందరూ లేస్తుంటే ఎవరో చివరిగా లార్జ్ చెప్పారు. ఆ 60 ఎమ్మెల్ ఐదు నిమిషాల్లో తాగేసి కిందికి దిగాడు. 11:40కి పోలీసులు కారు ఆపారు. అప్పటికే ముందు పది మంది దాకా లైన్లో ఉన్నారట. మిషన్‌లో స్లిప్పు కాగితం అయిపోతే ఇంకో చోటి నుంచి వేరే మిషన్ తెప్పించారు. వీడి చేత ఊదించేసరికి 12:25. రీడింగ్ 41. కారు సీజ్ చేశారు, కోర్టుకు రమ్మన్నారు.

వాడి బరువు 72 కేజీలు. తాగిన మందు ఇంకా ఎక్కుతూ ఉంటే నడిపినప్పుడు రీడింగ్ తక్కువ ఉండి ఉంటుందని, అమెరికాలో లాయర్లు ఇదే వాదిస్తారని వాడి ఫ్రెండ్ చెప్పాడట. ఇందులో నిజమెంత? మన దగ్గర ఇది నిలబడుతుందా? రాత్రంతా మా అమ్మకు నిద్ర లేదు. దయచేసి తెలిసినవాళ్లు చెప్పండి.

ఒంగోలు గిత్త | ఆదివారం ఉదయం 9:40

అన్నా, టెన్షన్ పడకండి. మొదటిసారైతే కోర్టులో 10,000 కట్టి కారు తెచ్చుకోవడమే. నాకు తెలిసి అందరూ అదే చేస్తారు. ఈసారి నుంచి మౌత్‌వాష్ ఒకటి కారులో పెట్టుకోమనండి.

ల్యాబ్ మనిషి | ఆదివారం ఉదయం 10:05

మౌత్‌వాష్ సలహా ఎవరూ పాటించకండి. చాలా మౌత్‌వాష్‌లలో ఆల్కహాలే ఉంటుంది. పుక్కిలించి వెంటనే ఊదితే నోట్లో మిగిలిన ఆవిరి వల్ల రీడింగ్ ఇంకా పెరుగుతుంది. అందుకే ఊదించే ముందు కనీసం 15 నిమిషాలు ఏమీ తాగకుండా, తినకుండా, తేన్పు కూడా రాకుండా చూడాలంటారు. వక్కపొడి, కిళ్లీ, పుదీనా బిళ్లలు వాసనను కప్పుతాయి, ఊపిరితిత్తుల నుంచి వచ్చే గాలిని ఏమీ చేయలేవు. మిషన్ వాసన చూడదు కదా.

అసలు ప్రశ్నకు సాయంత్రం వివరంగా రాస్తాను. లెక్క వేయాలి.

నల్లకోటు | ఆదివారం ఉదయం 11:20

బెంగళూరులోనే ప్రాక్టీస్ చేస్తాను. చట్టం వరకు నేను చెబుతాను.

మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 185. బండి నడుపుతున్నప్పుడు, లేదా నడపబోతున్నప్పుడు, 100 ఎమ్మెల్ రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉండకూడదు. మొదటిసారికి ఆరు నెలల వరకు జైలు, లేదా 10,000 జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే రెండేళ్ల వరకు జైలు, లేదా 15,000, లేదా రెండూ. 2019 సెప్టెంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన మొత్తాలివి. పైన ఒక తమ్ముడు అన్నట్టు డబ్బు కట్టేస్తే అయిపోయే చలానా కాదు ఇది. రోడ్డు మీద కట్టి వదిలించుకునే జాబితాలో 185 లేదు. కోర్టుకు వెళ్లాల్సిందే, లైసెన్సు మీదికి కూడా వస్తుంది.

మీ ప్రశ్నకు కీలకం "నడుపుతున్నప్పుడు" అన్న మాట. నేరం స్టీరింగ్ దగ్గర జరగాలి, మిషన్ దగ్గర కాదు. అంటే మీ తమ్ముడి ఫ్రెండ్ లేవనెత్తిన ప్రశ్న మన చట్టం మాటల్లోనే ఉంది. అయితే మన దగ్గర ఆపిన చోటే, ఆపిన ఐదు పది నిమిషాల్లో ఊదిస్తారు. అంత తక్కువ తేడా మీద వాదన కట్టడం కష్టం. మీ కేసులో 45 నిమిషాల తేడా ఉంది, రీడింగ్ కూడా 30 గీతకు దగ్గరలోనే ఉంది. అందుకే ఆలోచించదగ్గ కేసు. అదే రీడింగ్ 140 వచ్చి ఉంటే నేను ఈ పోస్టు రాసేవాడిని కాదు.

ఒక ప్రశ్న. కారు 11:40కి ఆపారని మీ దగ్గర ఏ కాగితం ఉంది?

మదనపల్లె టు బెళ్లందూరు | ఆదివారం మధ్యాహ్నం 12:02

సార్, స్లిప్పు మీద 12:25 అనే ఉంది. ఆపిన టైము ఎక్కడా రాయలేదు. వాడు చెప్పిందే.

హెచ్ఎస్ఆర్ అక్క | ఆదివారం మధ్యాహ్నం 1:30

నాకు ఈ చర్చ చదువుతుంటే కడుపు మండుతోంది. రెండేళ్ల కిందట మా ఆయన హోసూరు రోడ్డులో బైకు మీద వస్తుంటే తాగినవాడు వెనక నుంచి గుద్దాడు. కుడి కాలి ఎముకలో ఇప్పటికీ రాడ్డు ఉంది. వర్షం వస్తే ఆయన మెట్లు దిగలేరు. గుద్దినవాడు ఆ రోజు "రెండు పెగ్గులే మేడం, నేను బాగానే ఉన్నాను" అన్నాడు. ఐదు నిమిషాల ముందు తక్కువ, ఐదు నిమిషాల తర్వాత ఎక్కువ అని లెక్కలు కడితే ఆ కాలు బాగవుతుందా?

తమ్ముడూ, మీ మీద కోపం కాదు. కానీ ఇలాంటి వాదనలు నేర్పితే నలుగురు ధైర్యంగా తాగి నడుపుతారు.

నల్లకోటు | ఆదివారం మధ్యాహ్నం 2:10

అక్కా, మీ బాధకు నా దగ్గర జవాబు లేదు. ఒక్కటే చెబుతాను. తప్పు చేసినవాడికి శిక్ష పడాలంటే రుజువు గట్టిగా ఉండాలి. 1971లోనే బచుభాయ్ కేసులో సుప్రీంకోర్టు, నోటి నుంచి వాసన, తూలే నడక, తడబడే మాట మాత్రమే తాగాడనడానికి చాలవని చెప్పింది. రక్తమో మూత్రమో పరీక్షించాల్సిందన్నది అందులోని సారం. ఈ రోజు మిషన్లు, సంఖ్యలు వచ్చాయి. సంఖ్య మీద మనిషిని జైలుకు పంపే అధికారం ఇచ్చినప్పుడు ఆ సంఖ్య ఏ నిమిషానిదో అడిగే హక్కు కూడా ఉండాలి. మీ ఆయన్ని గుద్దినవాడి కేసులో కూడా టైములు సరిగ్గా రాసి ఉంటేనే పోలీసులు గెలుస్తారు. నిర్లక్ష్యంగా రాసిన పంచనామా ముందు దెబ్బతీసేది బాధితుడినే.

ల్యాబ్ మనిషి | ఆదివారం సాయంత్రం 6:45

చెప్పినట్టే లెక్క వేశాను. కాస్త పొడుగు, ఓపికగా చదవండి.

మందు గొంతు దిగగానే రక్తంలో కలవదు. కడుపు గోడ పీల్చుకునేది కొంతే, ఎక్కువ భాగం చిన్నపేగులోకి దిగాక కలుస్తుంది. కడుపు నిండా బిర్యానీ ఉంటే కడుపు కింది తలుపు నెమ్మదిగా తెరుచుకుంటుంది, మందు అక్కడే కూర్చుంటుంది. ఖాళీ కడుపుతో తాగినవాడికి అరగంటలోనే రక్తంలో గరిష్ఠానికి చేరవచ్చు. తిని తాగినవాడికి గంటన్నర, రెండు గంటలు కూడా పట్టొచ్చు. సోడా కలిపితే కొంతమందిలో తొందరగా ఎక్కుతుంది. దిగడం మాత్రం ఒకే వేగంతో, లివరు ఎంత ఖర్చు చేయగలిగితే అంతే. సగటున గంటకు 15 మిల్లీగ్రాములు, మనిషిని బట్టి 10 నుంచి 20 దాకా. కాఫీ తాగినా, చన్నీళ్ల స్నానం చేసినా ఆ వేగం మారదు.

ఇప్పుడు మీ తమ్ముడి లెక్క. మన విస్కీ 42.8 శాతం. 60 ఎమ్మెల్‌లో దాదాపు 20 గ్రాముల ఆల్కహాల్. 72 కేజీల మగవాడికి, ఒక్క చుక్క కూడా ఖర్చు కాకుండా మొత్తం ఒంట్లో కలిస్తే 43 మిల్లీగ్రాముల దాకా వస్తుంది. (స్వీడన్ శాస్త్రవేత్త విడ్‌మార్క్ వేసిన పద్ధతి ఇది, 1930ల నాటిది, ఇప్పటికీ కోర్టుల్లో వాడేది ఇదే.)

మొదటి రెండు ముప్ఫైలు కలిపితే 43. తొమ్మిదిన్నర నుంచి 11:40 దాకా లివరు 32 ఖర్చు చేసింది. మిగిలింది 11. ఇక చివరి లార్జ్. అది తాగి 11:40కి ఇరవై, ఇరవై ఐదు నిమిషాలే. అందులో మూడో వంతు ఎక్కిందనుకుంటే 14, మొత్తం 25. అంటే గీతకు కింద. సగం ఎక్కిందనుకుంటే 21, మొత్తం 32. అంటే గీతకు పైన. 12:25కి అంతా ఎక్కిందనుకుంటే 86లోంచి 44 పోగా 42. మిషన్ చూపింది 41.

నేను లెక్క మొదలుపెట్టినప్పుడు ఇంత దగ్గరగా వస్తుందనుకోలేదు. కానీ దీన్ని చూసి సంబరపడకండి. చివరి లార్జ్‌లో మూడో వంతే ఎక్కిందనుకుని, లివరు వేగం 15 బదులు 10 అని పెడితే 11:40కే 35. 20 అని పెడితే 14. నాకు నచ్చిన అంకె పెట్టి నాకు నచ్చిన జవాబు తెప్పించగలను. ప్రాసిక్యూషన్ తరఫు డాక్టరు కూడా అదే పని చేయగలడు. కాబట్టి నిజాయితీగా చెప్పగలిగేది ఒక్కటే: 11:40కి వాడు గీతకు ఏ వైపు ఉన్నాడో సైన్సు తేల్చి చెప్పలేదు.

ఇంకో విషయం, దీన్ని లాయర్లు తరచూ వదిలేస్తారు. మందు ఎక్కుతున్న దశలో ధమని రక్తంలో ఆల్కహాల్ సిర రక్తంలో కంటే ఎక్కువ ఉంటుంది. ఊపిరి చూపేది ధమని రక్తాన్ని. చేతి నుంచి తీసే రక్తం సిరది. కాబట్టి ఎక్కుతున్నప్పుడు ఊదితే రక్త పరీక్ష కంటే ఎక్కువ చూపే అవకాశం ఉంది. మిషన్ ఊపిరిని రక్తంగా మార్చేటప్పుడు 2100కి 1 (2100 ఎమ్మెల్ ఊపిరిలో ఉన్నంత ఆల్కహాల్ 1 ఎమ్మెల్ రక్తంలో ఉంటుందని) అని ఒకే నిష్పత్తి వాడుతుంది, అది సగటు మనిషి లెక్క.

హెచ్ఎస్ఆర్ అక్క | ఆదివారం రాత్రి 7:30

సార్, మీరు రాసింది రెండుసార్లు చదివాను. నాకు అర్థమైంది వేరే. లేచే ముందు గబగబా చివరి పెగ్గు తాగి, "నాకేం ఎక్కలేదు" అని స్టీరింగ్ పట్టుకున్నవాడికి, ఇల్లు చేరేలోపు దారిలోనే ఎక్కుతుందన్నమాట. బయల్దేరినప్పుడు 25, సిల్క్ బోర్డు దగ్గరికి వచ్చేసరికి 40. మా ఆయన్ని గుద్దినవాడు కూడా అబద్ధం చెప్పి ఉండకపోవచ్చు. బయల్దేరినప్పుడు బాగానే ఉన్నాడేమో.

ల్యాబ్ మనిషి | ఆదివారం రాత్రి 7:41

అవునమ్మా. సరిగ్గా అదే. ఆ వాదన చేసే ప్రతి లాయరూ ఒప్పుకోవాల్సింది కూడా అదే.

డల్లాస్ నుంచి | ఆదివారం రాత్రి 9:15

అమెరికా మాట వచ్చింది కాబట్టి రాస్తున్నాను. నేను లాయరును కాను, కానీ ఇక్కడ జ్యూరీ డ్యూటీలో ఇలాంటి కేసు విన్నప్పటి నుంచి చదువుతున్నాను. ఇక్కడ చాలా రాష్ట్రాల్లో గీత 80 మిల్లీగ్రాములు, యూటాలో 50. రోడ్డు మీద ఆపి, స్టేషనుకు తీసుకెళ్లి, అక్కడ పెద్ద మిషన్ మీద ఊదించేసరికి గంట, గంటన్నర గడుస్తుంది. అందుకే ఇక్కడ ఈ వాదనకు అంత చోటు.

టెక్సాస్‌లో 2001లో మాటా కేసులో పై క్రిమినల్ కోర్టు, పరీక్షలో వచ్చిన అంకె నుంచి నడిపినప్పటి అంకెను వెనక్కి లెక్కగట్టే సాక్షి దేనికి జవాబు చెప్పగలగాలో చెప్పింది. ఆపినప్పటికీ పరీక్షకూ మధ్య ఎంత సేపు, ఎన్ని పరీక్షలు, మనిషి బరువెంత, ఏం తాగాడు, చివరి గుక్క ఎప్పుడు, ఏం తిన్నాడు. ఇవేవీ తెలియకుండా ఒక్క పరీక్ష మీద, చాలా సేపటి తర్వాత తీసినదాని మీద వెనక్కి లెక్కగడితే నమ్మలేమంది.

కానీ మీ తమ్ముడి ఫ్రెండ్‌కి తెలియనిది ఒకటుంది. అమెరికా అంతా ఒకటి కాదు. మనవాళ్లు ఇంతమంది ఉన్న న్యూజెర్సీలో ఈ వాదనే పనికిరాదు. 1987లో టిష్యో కేసులో అక్కడి సుప్రీంకోర్టు, నడిపాక తగిన సమయంలోపు తీసిన రీడింగే లెక్క, ముందూ వెనకా లెక్కలు వినం అని తేల్చేసింది. కాలిఫోర్నియాలో మూడు గంటల్లోపు పరీక్షలో గీత దాటితే నడిపినప్పుడూ దాటినట్టే అనుకుంటారు, కాదని చూపించే అవకాశం మాత్రం నిందితుడికి ఇస్తారు. బ్రిటన్‌లో 1988 చట్టం ప్రకారం నడిపినప్పుడు ఉన్నది పరీక్షలో వచ్చినదానికంటే తక్కువ కాదని కోర్టు అనుకోవాల్సిందే. నడిపి ఆపాక తాగానని రుజువు చేయగలిగితేనే మినహాయింపు.

నల్లకోటు | ఆదివారం రాత్రి 9:50

మంచి సమాచారం. మన 185లో అలాంటి "అనుకోవాలి" అన్న నిబంధన లేదు. మూడు గంటల ఊహా లేదు, బ్రిటన్ ఊహా లేదు. అందుకే వాదనకు తలుపు మూసుకోలేదు. అలాగని బార్లా తెరిచీ లేదు, ఎందుకంటే సెక్షన్ 203 ప్రకారం ఊదిన ఫలితం సాక్ష్యంగా చెల్లుతుంది. దాన్ని కదిలించే బరువు ఆచరణలో మీ మీదే పడుతుంది.

కర్నూలు కుర్రాడు | సోమవారం ఉదయం 8:20

నాదొక సందేహం, కాస్త పక్కకు వెళ్తుంది. మా బావ కారు డివైడర్‌కు కొట్టుకుంది, ఎవరికీ ఏమీ కాలేదు. హాస్పిటల్లో రక్తం తీసింది మూడు గంటల తర్వాత. అందులో 22 వచ్చింది, 30 కంటే తక్కువే. అయినా ఇన్సూరెన్సు వాళ్లు డబ్బు ఇవ్వం అంటున్నారు. ఎలా?

ల్యాబ్ మనిషి | ఆదివారం పోస్టుకు కొనసాగింపు, సోమవారం ఉదయం 9:05

ఇది నాణేనికి రెండో వైపు. మీ బావ ప్రమాదానికి చాలా ముందే తాగడం ఆపేసి ఉంటే, ఒంట్లో మందు అప్పటికే దిగుతూ ఉంటుంది. మూడు గంటలకు 45 కలపండి. ప్రమాదం వేళ 67 అని వాళ్ల డాక్టరు చెప్పొచ్చు. ఎక్కుతున్న దశలో సమయం నిందితుడికి సాయం, దిగుతున్న దశలో సమయం ప్రాసిక్యూషన్‌కు సాయం. రక్తం సీసాలో సోడియం ఫ్లోరైడ్ వేశారో లేదో, సూది గుచ్చే చోట స్పిరిట్ దూదితో తుడిచారో లేదో కూడా రికార్డు చూడండి. ఆ నిల్వ రసాయనం వేయని రక్తంలో ఎండలో పులిసి ఆల్కహాల్ దానంతట అదే పుట్టొచ్చు.

నల్లకోటు | సోమవారం ఉదయం 9:30

ఇన్సూరెన్సుకు కొలమానం వేరు. 2021లో పెర్ల్ బెవరేజెస్ కేసు చదవండి. 2007లో ఢిల్లీ ఇండియా గేట్ దగ్గర పోర్షే కారు ప్రమాదం. ఊదించలేదు, రక్తం తీయలేదు. అయినా చుట్టూ ఉన్న పరిస్థితులను బట్టి మత్తులో నడిపాడని తేల్చుకోవచ్చని, క్లెయిమ్ ఇవ్వనక్కర్లేదని సుప్రీంకోర్టు చెప్పింది. క్రిమినల్ కేసులో 30 దాటలేదని బయటపడ్డంత మాత్రాన కారు డబ్బు రాదు. పాలసీ కాగితంలో ఏ మాట రాశారో అది చూసి నాకు మెసేజ్ పెట్టండి.

ఇంకొకటి, అందరికీ. ఊదను అని మొండికేయకండి. సెక్షన్ 205 ప్రకారం సరైన కారణం లేకుండా నిరాకరిస్తే అదే మీకు వ్యతిరేకంగా నిలుస్తుంది. ఊదండి, స్లిప్పు తీసుకోండి, ఆపిన టైము రాయమని మర్యాదగా అడగండి. అరెస్టు దాకా వెళ్తే రెండు గంటల్లోపు డాక్టరు దగ్గర పరీక్ష చేయించాలని 202 చెబుతోంది.

మదనపల్లె టు బెళ్లందూరు | సోమవారం రాత్రి 10:10

అందరికీ కృతజ్ఞతలు. ఈ రోజు లీవు పెట్టి తిరిగాను. దొరికినవి ఇవి. బార్ బిల్లులో చివరి లార్జ్ ఆర్డరు టైము 11:13. పార్కింగ్ చీటీ మీద బయటికి వచ్చిన టైము 11:31. వాడి ఫోన్ నుంచి నాకు కాల్ వచ్చింది 11:43కి, "అన్నా, పోలీసులు ఆపారు" అన్నాడు. కాల్ లిస్టు స్క్రీన్‌షాట్ తీసి పెట్టాను. మూడూ ఒక కవర్లో పెట్టాను.

సాయంత్రం నల్లకోటు గారితో ఫోన్లో మాట్లాడాను. కాగితాలు బాగున్నాయి, పోరాడొచ్చు అన్నారు. మిషన్ కాలిబ్రేషన్ సర్టిఫికెట్ (అది సరిగ్గా కొలుస్తోందని చూపే కాగితం) అడుగుదాం, రెండో మిషన్ తెచ్చిన సంగతి రికార్డులోకి తెద్దాం అన్నారు. నెలల తరబడి వాయిదాలు ఉంటాయని, గెలుస్తామని మాట ఇవ్వలేనని కూడా చెప్పారు. ఆ నిజాయితీ నాకు నచ్చింది.

వాడికి ఈ చర్చ మొత్తం చదివించాను. ల్యాబ్ సార్ లెక్క దగ్గర ఆగలేదు, అక్క గారి పోస్టు దగ్గర ఆగాడు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. "అన్నా, నేను వెళ్లాల్సింది ఎలక్ట్రానిక్ సిటీ దాకా. వాళ్లు ఆపకపోతే ఫ్లైఓవర్ మీద ఉండేవాణ్ని, అప్పుడు రీడింగ్ 41" అన్నాడు. తప్పు ఒప్పుకుని జరిమానా కడతానంటున్నాడు. నేను పోరాడదామన్నాను, వాడు వద్దన్నాడు. ఇది వాడి నిర్ణయం, నేను బలవంతం చేయను.

నల్లకోటు | సోమవారం రాత్రి 10:25

ఏదైనా సరే. ఒప్పుకునే ముందు ఒక్కసారి నాతో మాట్లాడమనండి, లైసెన్సు సంగతి కూడా చూడాలి. ఆ కవరు మాత్రం పారేయకండి.

హెచ్ఎస్ఆర్ అక్క | సోమవారం రాత్రి 10:40

తమ్ముడూ, మీ వాడికి నా ఆశీస్సులు చెప్పండి. అమ్మగారిని పడుకోమనండి.

మదనపల్లె టు బెళ్లందూరు | సోమవారం రాత్రి 10:52

చెబుతాను అక్కా. బుధవారం ఉదయం పదిన్నరకు కోర్టు. ఇద్దరం మెట్రోలో వెళ్తున్నాం.